నీళ్లా, పాలా, నూనె, పెట్రోలా, గ్యాసా: చెన్నైలో మొదటి ట్యాంకరు ఎంచుకునే ముందు

నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వచ్చి మాధవరం, మణలి, రెడ్‌హిల్స్ చుట్టుపక్కల లారీలు తోలుతున్న డ్రైవర్లకు ఏదో ఒక రోజు ఈ ఆలోచన వస్తుంది: ఓపెన్ బాడీ వదిలేసి ట్యాంకరు పట్టుకుంటే ఎలా ఉంటుంది? టార్పాలిన్ కట్టే పని లేదు, హమాలీల కోసం పడిగాపులు లేవు, లోడు ఎక్కేదీ దిగేదీ పైపులోనే. మణలి రిఫైనరీ, తండయార్‌పేట, కొరుక్కుపేట ఆయిల్ టెర్మినళ్లు, ఎన్నూరు–అత్తిపట్టు గ్యాస్ టెర్మినల్, మాధవరం, అంబత్తూరు, షోళింగనల్లూరు పాల డైరీలు, ఊరంతా తిరిగే నీళ్ల బళ్లు. పనికి కొదవ లేదు. చిక్కల్లా ఏ ట్యాంకరు అన్నదే. ట్యాంకరు అన్న ఒక్క మాట కింద ఒకదానికొకటి పోలిక లేని ఏడెనిమిది ఉద్యోగాలున్నాయి.

మా సలహా ముందే చెబుతాం. ట్యాంకరు చేయి తిరగడానికి పాల బండి గానీ వంటనూనె బండి గానీ ఎంచుకోండి. ఆ ఏడాదిలోనే లైసెన్సు మీద ప్రమాదకర సరుకుల ఎండార్స్‌మెంట్ తీసుకుని పెట్రోలు, డీజిల్‌కి మారండి. గ్యాస్ బుల్లెట్, అంటే వంటగ్యాసు ట్యాంకరు, ఆ తర్వాత. యాసిడ్ బండిని మొదటి బండిగా ఎవరిచ్చినా వద్దనండి. నీళ్ల ట్యాంకరు తేలిగ్గా దొరుకుతుంది కాబట్టి అందరూ దానితోనే మొదలుపెడతారు, ఆ పద్ధతి మాకు నచ్చదు. ఎందుకో కింద చెబుతున్నాం.

ముందు సరుకు కదలిక సంగతి

బస్తాలు వేసిన చోటే ఉంటాయి. ద్రవం ఉండదు. బ్రేకు వేస్తే బండి ఆగుతుంది గానీ లోపలున్నది ఆగదు. ముందుకొచ్చి ముందు గోడను గుద్ది, వెనక్కి పోయి, మళ్లీ వస్తుంది. సిగ్నల్ దగ్గర పూర్తిగా ఆగిన బండిని కూడా ఆ కెరటం ముందుకు నెట్టగలదు. ముందున్న ఆటోకి తగిలేది అప్పుడే. అందుకే ఆగాక కూడా బ్రేకు మీంచి వెంటనే కాలు తీయకూడదు. తడి రోడ్డు మీద ఈ నెట్టుడు ఇంకా ఎక్కువ తెలుస్తుంది.

ట్యాంకులో అడ్డంగా, కంతలు పెట్టి బిగించిన పలకలుంటాయి. వాటిని బాఫిల్స్ అంటారు. ముందూ వెనకల ఊపును అవి చాలావరకు మింగేస్తాయి. పక్కలకు ఊగే ఊపును మాత్రం ఆపలేవు. మలుపులో ద్రవం బయటి వైపు గోడ మీదకి ఎక్కుతుంది, బరువంతా అటు చక్రాల మీద పడుతుంది. బోర్లాపడే ట్యాంకర్లలో ఎక్కువ భాగం తిన్నని రోడ్డు మీద పడవు. ఫ్లైఓవరు దిగే రింగులోనో, సర్వీసు రోడ్డులోకి తిరిగే చోటనో, గుంత తప్పించబోయి స్టీరింగు ఒక్కసారిగా కోసి మళ్లీ సర్దుకునే క్షణంలోనో పడతాయి. కత్తిపారా, మదురవాయల్ రింగుల్లో బోర్డు మీద రాసిన వేగం కార్లు కూడా దాటకూడనిది. నిండు ట్యాంకరు దానికంటే బాగా తక్కువలో, మలుపులోకి దిగకముందే గేరు తగ్గించుకుని పోవాలి. మలుపు మధ్యలో బ్రేకు తొక్కితే ముందూపు, పక్క ఊపు కలిసిపోతాయి.

పూర్తిగా నిండిన ట్యాంకులో కదలిక తక్కువ, అడుగున కొంచెమే ఉన్నదానిలో కదిలే బరువు తక్కువ. సగం నుంచి ముప్పావు దాకా ఉన్న బండే అన్నిటికంటే కష్టం. ఈ సగం అన్నది డ్రైవరు చేతిలో ఉండదు, సరుకు సాంద్రత చేతిలో ఉంటుంది. 20 కిలోలీటర్ల ట్యాంకు అనుకోండి. పెట్రోలు పోస్తే సుమారు 15 టన్నులు, డీజిల్ 16.5, వంటనూనె 18, నీళ్లు సరిగ్గా 20, పాలు 20.6. అదే ట్యాంకులో గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ నింపితే 36 టన్నులు దాటుతుంది. యాసిడ్ బళ్ల ట్యాంకులు చూడ్డానికి చిన్నగా ఉండేది అందుకే. తేలిక సరుకు కోసం కట్టిన ట్యాంకులో బరువు సరుకు పోస్తే, కాటా మీద చట్టం ఒప్పుకునే బరువు వచ్చేసరికి ట్యాంకు సగమే నిండి ఉంటుంది. ఓనరు ‘ఏ సరుకైనా తోలుకో’ అన్నాడంటే మీరు లెక్క వేసుకోవాల్సింది ఇదే.

వేగం గురించి ఇంకొక మాట. మామూలు సరుకు లారీలకు వేగం దాటకుండా ఆపే స్పీడు గవర్నరు గంటకు 80 కిలోమీటర్ల దగ్గర కడతారు. ట్యాంకర్లకు, ప్రమాదకర సరుకు బళ్లకు 60 దగ్గర. గవర్నరు తీసేసి ఇచ్చిన బండి ఓనరుకు ఎన్ని ట్రిప్పులైనా మిగల్చవచ్చు. ప్రమాదం జరిగిన రోజు ఆ తీసేసిన సీలు డ్రైవరు మెడకే చుట్టుకుంటుంది.

నీళ్ల ట్యాంకరు

మామూలు హెవీ లైసెన్సు చాలు, ప్రత్యేక ట్రైనింగు అక్కర్లేదు, రాత్రికి ఇంటికి చేరొచ్చు. 6,000, 9,000, 12,000 లీటర్ల బళ్లు ఎక్కువ, 24,000 లీటర్లవీ ఉన్నాయి. చెన్నై నీటి సరఫరా సంస్థ మెట్రోవాటర్ కాంట్రాక్టులో నింపే కేంద్రం నుంచి వీధుల్లోకి, ప్రైవేటులో పొలాల బోర్ల దగ్గర్నుంచి ఓఎంఆర్ అపార్ట్‌మెంట్లకు. పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం చెరువులు నాలుగూ ఎండిపోయిన 2019 ఎండాకాలంలో ఊరు బతికింది ఈ బళ్ల మీదే. కాబట్టి ఈ పనిని చిన్నచూపు చూడ్డం మా ఉద్దేశం కాదు.

ఇబ్బంది ఎక్కడంటే, ప్రైవేటులో సంపాదన ట్రిప్పుల లెక్క మీద ఆధారపడుతుంది. ట్రిప్పు లెక్క తొందర నేర్పుతుంది. ఒక అపార్ట్‌మెంటులో సగం దింపి మిగతా సగంతో ఇంకోచోటికి పరుగెత్తడం ఇక్కడ మామూలు. పైన చెప్పిన సగం బండి అదే. పాత బళ్లలో లోపలి బాఫిల్స్ తుప్పు పట్టి ఊడిపోయి ఉంటాయి, బయటికి తెలియదు. ఖాళీ బండి నడుస్తుంటే లోపల ఇనుము తగిలిన చప్పుడు వస్తే అనుమానించండి. ప్రమాదాలు ఎక్కువగా రివర్సులో జరుగుతాయి: ఇరుకు వీధి, గేటు దగ్గర పిల్లలు, సంపు మూత మీదకి ఎక్కే వెనక చక్రం. సంపు పైకప్పు మనుషులు నడవడానికి కట్టినది, 12 టన్నుల నీళ్లను మోయడానికి కట్టినది కాదు. క్లీనరు దిగి వెనక నిలబడి చేయి ఊపకుండా ఒక్క అడుగు కూడా వెనక్కి పోనివ్వకండి.

ఇంటి దగ్గరే ఉండాల్సిన అవసరం ఉన్నవాళ్లకు ఇది సరైన పనే. ట్యాంకరు లైనులో పైకి వెళ్లాలనుకునేవాళ్లు మాత్రం ఇక్కడ పట్టుకున్న అలవాట్లను తర్వాత వదిలించుకోవాల్సి వస్తుంది.

పాల ట్యాంకరు

లోపల స్టెయిన్‌లెస్ స్టీలు, బయట ఇంకో పొర, మధ్యలో చలువ పోకుండా ఇన్సులేషన్. బండిలో ఫ్రిజ్ ఉండదు. చిల్లింగ్ సెంటరులో 4 డిగ్రీలకు చల్లబరిచి నింపుతారు, డైరీకి చేరేదాకా ఆ చల్లదనం నిలవాలి. చిత్తూరు వైపు నుంచి రాణిపేట, శ్రీపెరంబుదూరు మీదుగా గానీ, పుత్తూరు, తిరుత్తణి మీదుగా గానీ వచ్చే బళ్లు ఇవే. దారి తెలిసిన దారి, టైము కచ్చితం, ఎక్కువగా రాత్రి పని.

ఈ బండి మంచి బడి అనడానికి కారణం ఉంది. కడగడానికి వీలుగా ఉండాలని చాలా పాల ట్యాంకుల్లో బాఫిల్స్ పెట్టరు, ఉన్నా తక్కువ. మూలల్లో పాలు పట్టి పులవకుండా లోపల నున్నగా ఉంచుతారు. దానివల్ల ఊపు పూర్తి బలంతో తెలుస్తుంది. బ్రేకును మెల్లగా, ముందుగా, ఒకే ఒత్తిడితో వేయడం మొదటి పదిహేను రోజుల్లోనే ఒంటికి పడుతుంది. కంపార్ట్‌మెంటు నిండుగా నింపుతారు కాబట్టి నేర్చుకునే రోజుల్లో సగం బండి బాధ తక్కువ.

చెడిపోయేది రెండు చోట్ల. ఒకటి, ఆలస్యం. బండి చెడి ఎండలో నిలబడితే గంటగంటకూ పాల పులుపు పెరుగుతుంది, డైరీ ల్యాబులో టెస్టు ఫెయిలైతే మొత్తం లోడు వెనక్కి. బయల్దేరేముందు టైర్లు, బెల్టు, కూలెంటు చూసుకోవడం ఇక్కడ అలవాటుగా మారిపోవాలి. రెండోది, కొత్తవాళ్లు ఊహించనిది: ట్యాంకు లోపలికి నొక్కుకుపోవడం. పైమూత, గాలి రంధ్రం మూసి ఉండగా పంపుతో పాలు లాగేస్తే లోపల గాలి లేక, బయటి గాలి ఒత్తిడికి ట్యాంకు డబ్బాలా నలిగిపోతుంది. వేడినీళ్లతో కడిగిన వెంటనే మూతలు బిగించి చన్నీళ్లు కొట్టినా అంతే. లోపలి ఆవిరి ఒక్కసారిగా నీరైపోయి శూన్యం ఏర్పడుతుంది. అన్‌లోడు మొదలుపెట్టేముందు గాలి దారి తెరిచి ఉందో లేదో పైకెక్కి కళ్లతో చూడండి, క్లీనరు ‘తీశానన్నా’ అన్నా సరే.

సీళ్ల నంబర్లు చలానాలో రాసినవీ, వాల్వు మీద ఉన్నవీ ఒకటేనా అని ఎక్కించిన చోటే సరిచూసుకోండి. పాలలో నీళ్లు కలిశాయన్న మాట వస్తే మొదట అడిగేది డ్రైవరునే.

వంటనూనె

కృష్ణపట్నం రేవు పక్కన రిఫైనరీల గుంపు ఉంది. చెన్నై నుంచి ఇంచుమించు నాలుగు గంటల దారి. కాకినాడ ఇంకా దూరం. తెలుగు డ్రైవర్లకు భాష, దారి రెండూ సొంతం కాబట్టి ఇక్కడ మొదలుపెట్టడం తేలిక. సరుకు మండే స్వభావం పెట్రోలులా ఉండదు, లైసెన్సు మీద ఎండార్స్‌మెంట్ అవసరం లేదు.

ఇక్కడ తగాదా అంతా తూకం మీద. ఎక్కించిన చోట కాటాకీ దించిన చోట కాటాకీ తేడా వస్తే ‘షార్టేజీ’ అని బాడుగలో కోస్తారు, ఓనరు దాన్ని డ్రైవరు మీదకి తోస్తాడు. రెండు కాటాల దగ్గరా డీజిల్ ట్యాంకు మట్టం, స్టెప్నీ, బండిలో ఉన్న మనుషులు ఒకేలా ఉండాలి. వంద లీటర్ల డీజిల్ మధ్యలో కాలిపోతే 80 కిలోలకు పైగా తేడా అక్కడే వచ్చేస్తుంది. పామాయిలు 33 నుంచి 39 డిగ్రీల మధ్య కరుగుతుంది. అంతకంటే చల్లబడితే నెయ్యిలా పేరుకుని పైపులో కదలదు, గోడలకు పట్టింది మిగిలిపోయి అదీ షార్టేజీ కిందే పోతుంది. వేడి కాయిల్ ఉన్న బండి అయితే దించే చోట ఆవిరి కనెక్షన్ ఉందో లేదో ముందే ఫోన్ చేసి అడగాలి. ముందు ట్రిప్పులో ఏ సరుకు తోలారన్నది నూనె కంపెనీలు అడుగుతాయి. రసాయనం తోలిన ట్యాంకులో వంటనూనె పోయడానికి ఒప్పుకోకండి. తినేది ఎవరో పిల్లలు.

పెట్రోలు, డీజిల్

ఎక్కువమంది చేరాలనుకునేది ఇక్కడికే. కారణాలూ ఉన్నాయి. టెర్మినలులో లైను పద్ధతిగా ఉంటుంది, బండి కండిషను కంపెనీ చెక్ చేస్తుంది కాబట్టి బోడి టైర్లతో తోలాల్సిన గతి తక్కువ, దూరాలు తెలిసినవి. దానికి బదులుగా క్రమశిక్షణ గట్టిగా అడుగుతుంది. సీలు తెగినా, దారి తప్పినా, చెప్పని చోట ఆగినా జీపీఎస్‌లో కనపడుతుంది. తప్పు రుజువైతే బండితోపాటు డ్రైవరు, క్లీనరు పేర్లు కూడా బ్లాక్‌లిస్టులో చేరతాయి. ఒక కంపెనీ మూసిన తలుపు ఇంకో కంపెనీ దగ్గర తెరుచుకోదు.

గేటు దగ్గరే సగం పరీక్ష. సెల్‌ఫోను, అగ్గిపెట్టె, లైటరు బయట. సైలెన్సరుకు నిప్పురవ్వ బయటికి రాకుండా స్పార్క్ అరెస్టరు. బ్యాటరీని ఒక్క దెబ్బతో కోసేసే మాస్టరు స్విచ్చి పనిచేయాలి. 10 కిలోల పొడి రకం మంటలార్పే సిలిండరు, క్యాబిన్లో ఒక చిన్నది, రెండింటికీ గడువు తేదీ దాటకూడదు. కాటన్ బట్టలు వేసుకోండి. నైలాన్, పాలియెస్టరు ఒంటికి రాసుకుని పుట్టించే చిన్న మెరుపు పెట్రోలు ఆవిరికి చాలు.

బంకులో దించే క్రమం ఇది, ఒక్కటి కూడా దాటేయొద్దు. ఇంజను ఆపి, మాస్టరు స్విచ్చి తీసి, చక్రాలకు దిమ్మలు పెట్టి, ముందుగా ఎర్తింగ్ క్లిప్పు తగిలించండి. రంగు పూసిన చోట తగిలిస్తే అది ఎర్తింగే కాదు, మెరిసే ఇనుము తగలాలి. సిలిండరు చేతికందే చోట దించి పెట్టాక పది నిమిషాలు ఆగండి. ద్రవం నిలకడ పడాలి, దారిలో పుట్టిన స్టాటిక్ కరెంటు దిగిపోవాలి. ఆ తర్వాతే మూత తీయడం, సీళ్లు చూపించడం, మట్టం కొలిచే డిప్ రాడ్ వేయడం. హైడ్రోమీటరుతో సాంద్రత, థర్మామీటరుతో వేడి చూసి 15 డిగ్రీల లెక్కకు మారుస్తారు. చలానాలో ఉన్నదానికి ఘనమీటరుకు ప్లస్ మైనస్ 3 కిలోలు దాటి తేడా ఉంటే దించకుండా ఆపాలి. బంకు భూగర్భ ట్యాంకులో ఎంత ఖాళీ ఉందో డీలరు మనిషితో కర్ర వేయించి చూశాకే వాల్వు. ఖాళీ చాలకపోతే పొంగుతుంది, పొంగిన పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు కాబట్టి నేల మీద పాకుతూ పక్క టీకొట్టు పొయ్యిదాకా పోతుంది.

అన్నిటికంటే ఖరీదైన తప్పు పెట్రోలును డీజిల్ ట్యాంకులోకో, డీజిల్‌ను పెట్రోలులోకో వదలడం. రాత్రి రెండింటికి నిద్రమత్తులో జరిగేది ఇదే. ఏ చాంబరులో ఏముందో సుద్దతో రాసుకుని, నింపే పైపు మూత రంగు చూసి, బంకు మేనేజరుతో ‘ఇది దేనిది’ అని పైకి చదివించి, అప్పుడు హోసు బిగించండి.

కొత్తవాళ్లను భయపెట్టే ఇంకో లెక్క, ఎండకు పెరిగి చలికి తగ్గే పెట్రోలు. ఒక్కో డిగ్రీకి దాదాపు వెయ్యిలో ఒక వంతు. 12,000 లీటర్లు మధ్యాహ్నం ఎక్కించి తెల్లవారుజామున 5 డిగ్రీలు చల్లబడ్డాక దింపితే 60 లీటర్ల దాకా తక్కువ కనపడుతుంది. దొంగతనం జరగలేదు, పెట్రోలు ముడుచుకుంది. ఎక్కించినప్పటి వేడి ఎంతో చలానా మీద ఉందో లేదో టెర్మినలు వదలకముందే చూసుకుంటే బంకులో వాదన పెట్టుకోకుండా లెక్క చూపించవచ్చు.

రెండు బంకులకు దించాల్సిన లోడైతే వెనక చాంబరు ముందుగా ఖాళీ చేయడం మేలు. ముందువి ఖాళీ అయి వెనకది మాత్రమే నిండుగా ఉంటే ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగు పట్టు సడలుతుంది. చలానా క్రమం వేరేగా ఉంటే లోడు ఎక్కేటప్పుడే ఏ చాంబరు ఎవరిదో సర్ది అడగండి.

ఇప్పుడు ఖాళీ ట్యాంకు. పెట్రోలు దించేశాక ప్రమాదం తగ్గిందనుకుంటారు. నిండు ట్యాంకులో ఆవిరికి చోటు తక్కువ, ఖాళీ ట్యాంకు నిండా ఆవిరి, దాంతోపాటు మండడానికి కావలసిన గాలి. వెల్డింగు షాపుల్లో పేలేవి ఖాళీ ట్యాంకులే. ఆవిరి పూర్తిగా తీసేసి, గ్యాస్ లేదని పరీక్షించి రాసిచ్చిన సర్టిఫికెట్ లేకుండా వెల్డరు దగ్గరికి బండి తీసుకుపోకండి. ఏ ట్యాంకులోకీ, పాలదైనా నూనెదైనా నీళ్లదైనా సరే, కడగడానికి ఒంటరిగా దిగకండి. లోపల ఊపిరికి సరిపడా ఆక్సిజన్ ఉండకపోవచ్చు. దిగినవాడు పడిపోతే కాపాడబోయినవాడూ పడిపోతాడు. ఇద్దరు ముగ్గురు ఒకేసారి పోయే ప్రమాదాలు ఇలాగే జరుగుతున్నాయి.

గ్యాస్ బుల్లెట్

17, 18 టన్నుల వంటగ్యాసు, ఒత్తిడిలో ద్రవంగా. ట్యాంకును 85 శాతానికి మించి నింపరు, ఎండకు ద్రవం ఉబ్బడానికి ఆ ఖాళీ కావాలి. కాబట్టి బుల్లెట్ ఎప్పుడూ కొంచెం ఊగే బండే. పైగా ట్యాంకు గుండ్రం, ఎత్తు. బయటికొచ్చిన ఒక లీటరు ద్రవం 250 లీటర్లకు పైగా గ్యాసవుతుంది, అదీ గాలికంటే బరువు, పల్లంలో నిలుస్తుంది.

2012 ఆగస్టు 27న కేరళలోని కన్నూరు దగ్గర చాలా అనే ఊళ్లో బుల్లెట్ డివైడరును కొట్టి బోల్తా పడింది. లీకైన గ్యాసు అంటుకుని 20 మంది చనిపోయారు. 2024 డిసెంబరు 20న జైపూర్ శివార్లలో యూటర్న్ తీసుకుంటున్న గ్యాస్ ట్యాంకరును లారీ గుద్దింది. వాల్వులు విరిగి గ్యాసు రోడ్డంతా పరుచుకుంది, వెనకున్న బళ్లన్నీ కాలిపోయాయి. రెండు చోట్లా మొదటి కారణం రోడ్డు మీద బండి కదలికే. అందుకే హైవే మీద మధ్య గ్యాపుల్లో యూటర్న్ మానేసి, పది కిలోమీటర్లు అదనమైనా కిందినుంచి పోయే దారి పట్టుకోవాలి. నిద్ర ఆపుకుంటూ ఒక్క గంట కూడా తోలకూడదు.

పనిలో లెక్కల బాధ తక్కువ, దించడం ప్లాంటువాళ్లు కంప్రెసరుతో చేస్తారు, డిప్ రాడ్ తగాదాలుండవు. దూరాలు ఎక్కువ, ప్లాంటు బయట రోజులకొద్దీ క్యూ ఉంటుంది. పెట్రోలు బండి మీద రెండేళ్లు మచ్చలేకుండా చేసి, మలుపుల్లో తొందరపడని చేయి వచ్చాక దీనికి రండి. లీకు వాసన వస్తే ఇంజను ఆపేసి, గాలి వీచే దిక్కుకు ఎదురుగా నడిచిపోతూ జనాన్ని దూరం పంపి, 112కి, వంటగ్యాసు లీకు నంబరు 1906కి చెప్పాలి. మళ్లీ స్టార్ట్ చేసి ఊరవతలికి తీసుకుపోదామన్న ధైర్యం వద్దు. స్టార్టరు మోటారు నిప్పురవ్వే అంటిస్తుంది.

యాసిడ్, కాస్టిక్, తారు

మణలి, గుమ్మిడిపూండి, రాణిపేట ఫ్యాక్టరీల పని. హైడ్రోక్లోరిక్‌కు లోపల రబ్బరు పొర ఉన్న ట్యాంకు కావాలి, ఆ పొర ఎక్కడో చిట్లితే ఇనుము లోపల్నుంచి తినేస్తుంది, బయటికి తెలిసేసరికి ధార. గాఢ సల్ఫ్యూరిక్ మామూలు ఇనుప ట్యాంకులో నిలుస్తుంది, అందులో నీళ్లు చేరితే మాత్రం ఇనుమును కొరుకుతుంది, పైగా భయంకరంగా వేడెక్కుతుంది. గాయాలు ఎక్కువగా దించేటప్పుడు, పైపు అతుకు (ఫ్లేంజి) బోల్టులు విప్పే క్షణంలో, పైపులో మిగిలిన ఒత్తిడి వల్ల. ముఖం మొత్తం కప్పే షీల్డు, రబ్బరు గ్లోవ్స్, ఏప్రన్, బూట్లు ఓనరు ఇవ్వడు, మీరే అడగాలి. ఇవ్వకపోతే ఆ బండి మీది కాదు. కాస్టిక్ కళ్లలో పడితే నొప్పి తెలిసేలోపే లోతుకు దిగుతుంది. క్యాబిన్లో 20 లీటర్ల మంచినీళ్ల క్యాను ఎప్పుడూ ఉండాలి, కళ్లను కనీసం పదిహేను నిమిషాలు కడిగాకే ఆసుపత్రి.

తారు బండిలో సరుకు 150 డిగ్రీల పైన. ట్యాంకు అడుగున నాలుగు బకెట్ల వాననీళ్లున్నా, వేడి తారు పడగానే ఆవిరై నురుగులా పొంగి పైమూతలోంచి చిమ్ముతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన ఊరి వానల్లో ఖాళీ తారు ట్యాంకు మూత తెరిచి పెట్టిన క్లీనరుకు ఈ సంగతి చెప్పి ఉండాలి.

కాగితాలు

హెవీ లైసెన్సు ఉన్నవాళ్లకు పాల, నూనె, నీళ్ల బళ్లకు అదే చాలు. ఇంకా కారు లైసెన్సు మీదే ఉన్నవాళ్లు: వయసు 20 నిండాలి, కారు లైసెన్సు తీసుకుని ఏడాది దాటాలి, అప్పుడే ట్రాన్స్‌పోర్టు ఎల్‌ఎల్‌ఆర్. గుమ్మిడిపూండిలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రోడ్ ట్రాన్స్‌పోర్ట్ వాళ్ల హెవీ డ్రైవింగ్ శిక్షణ కేంద్రం ఉంది, ఆంధ్రా సరిహద్దుకు దగ్గర.

పెట్రోలు, గ్యాసు, యాసిడ్ తోలాలంటే ప్రభుత్వం గుర్తించిన సంస్థలో 3 రోజుల శిక్షణ తప్పనిసరి. ప్రమాదాన్ని ముందే పసిగట్టి తోలడం, బండి నైపుణ్యం, సరుకు భద్రత, ఇవీ పాఠాలు. ఆ సర్టిఫికెట్‌తో సారథి పోర్టల్‌లో ప్రమాదకర సరుకుల ఎండార్స్‌మెంట్‌కు దరఖాస్తు పెట్టాలి. రూలు ప్రకారం ఒక భారతీయ భాష, దాంతోపాటు ఇంగ్లీషు చదవడం రాయడం రావాలి. తెలుగు సరిపోతుంది, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కునైనా చదవగలగాలి, ట్యాంకు మీది బోర్డులన్నీ అందులోనే ఉంటాయి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఈ లైసెన్సు 3 ఏళ్లు చెల్లుతుంది, రెన్యువల్‌కు ఒక రోజు రిఫ్రెషరు. మామూలు ట్రాన్స్‌పోర్టు లైసెన్సుకు 5 ఏళ్లు కాబట్టి చాలామంది తేదీ పొరబడతారు. గడువు దాటిన ఎండార్స్‌మెంట్‌తో ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కంపెనీకి తప్పించుకునే దారి దొరుకుతుంది.

క్యాబిన్లో ట్రెమ్ కార్డు ఉండాలి: ఏ సరుకు, తాకితే ఏం చేయాలి, లీకైతే ఏం చేయాలి. ట్యాంకు మీది బోర్డులో యూఎన్ నంబరు దానితో సరిపోవాలి. పెట్రోలు 1203, డీజిల్ 1202, వంటగ్యాసు 1075, సల్ఫ్యూరిక్ 1830, హైడ్రోక్లోరిక్ 1789. నిన్న డీజిల్ తోలి ఇవాళ వేరే సరుకు పోసుకుని బోర్డు మార్చకపోతే, మంటలార్పడానికి వచ్చినవాళ్లు తప్పుడు మందు కొడతారు.

ఓనరును అడగాల్సినవి, మొదటి నెల

నెల జీతం ఎంత, బత్తా రోజుకా ట్రిప్పుకా, క్యూలో ఆగిన రోజులకు బత్తా ఉందా, షార్టేజీ ఎవరి మీద, ఎంతవరకు, పీఎఫ్, ఈఎస్ఐ కడతారా, రెండో డ్రైవరు ఉంటాడా. నోటిమాటగా చెప్పినవి వాట్సాప్‌లో ఒకసారి రాయించుకోండి, ‘అన్నా, ఇలా అనుకున్నాం కదా’ అని మీరే పంపి సరే అనిపించుకున్నా చాలు. షార్టేజీ మొత్తం డ్రైవరుదే అనే ఓనరు దగ్గర జీతం ఎక్కువ కనపడినా చేరొద్దు. అదే జీతం మూడు ట్రిప్పుల్లో వెనక్కి పోతుంది.

బండి చూసేటప్పుడు గవర్నరు సీలు, ట్యాంకు కొలత సరిచూసి ఇచ్చే కాలిబ్రేషన్ సర్టిఫికెట్ తేదీ, వెనక బంపరుకీ ట్యాంకు వాల్వులకీ మధ్య దూరం, వాల్వు బాక్సు తాళం, హోసు మీద పగుళ్లు, నిచ్చెన మెట్లు చూడండి. ట్యాంకు మీద నుంచి జారిపడి కాలు విరగ్గొట్టుకునే డ్రైవర్లు మంటల్లో చిక్కుకునేవాళ్లకంటే చాలా ఎక్కువ. చెప్పులతో పైకెక్కకండి.

మొదటి నాలుగైదు ట్రిప్పులు పాత డ్రైవరు పక్కన కూర్చుని అతని కాళ్లు చూడండి, చేతులు కాదు. ఎంత ముందు నుంచి బ్రేకు మీద కాలు పెడుతున్నాడు, ఆగాక ఎంతసేపు ఉంచుతున్నాడు అన్నది గమనించండి. మీ చేతికి వచ్చాక మొదటి నిండు లోడును నడి ఊళ్లోంచి తీసుకురాకుండా వండలూరు–మీంజూరు ఔటర్ రింగురోడ్డు మీద తీసుకోండి, పగటిపూట. బండి ఖాళీగా ఉన్నప్పుడు ఎంత దూరంలో ఆగుతుందో, నిండుగా ఉన్నప్పుడు ఎంత దూరంలో ఆగుతుందో రెండూ కాలికి తెలిసేదాకా రాత్రి ట్రిప్పు ఒప్పుకోకండి.